రాయి

గిన్బోత్ నెల, మిఖాయేల్ రోజు

రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. బడిలో నేర్చుకున్న నాజూకు మాటలు కలపకు. తేదీకి అంకె వెయ్యకు, ఆ రోజు ఏ దేవుడిదో ఏ పుణ్యాత్ముడిదో ఆ పేరే పెట్టు.

నా పేరు తాంగుత్. నాకు అక్షరం ముక్క రాదు. మొగుణ్ణి వదిలేసి వచ్చి నా ఇంట్లో కూర్చున్న నా కూతురు ఇతాయిష్‌కి వచ్చు. ఇది పెద్దల ముందు చదివి వినిపించడానికి కాదు, నా కోసం. నా కోపం ఆరిపోకుండా ఉండాలి. రేపు పక్కింటి గెద్లు ఏడుపు మొహం వేసుకుని నా గుమ్మంలో నిలబడతాడు. నా మనసు మెత్తబడుతుందేమో. అప్పుడు దీన్ని చదివించుకుని మళ్ళీ గట్టిపడతాను.

నాకున్నది ఒకటే ఎద్దు, దామ. పక్కింటి గెద్లుకి ఉన్నది ఒకటే, బోర. ఒంటెద్దుతో నాగలి నడవదు గనక రెండిళ్ళ వాళ్ళం కలిసి జత కట్టుకున్నాం. ఒకరోజు వాడి చేను, ఒకరోజు నా చేను. నాగలి పట్టేది వాడే. ఆడది నాగలి పడితే మా ఊరు ఊరంతా పళ్ళికిలిస్తుంది.

దామ దాపటెద్దు. దూడప్పటి నుంచి కాడికి ఎడమ పక్కే నడిచింది. అది ఎవరికి తెలియదు? ఊళ్ళో కోళ్ళకి కూడా తెలుసు. నిన్న గెద్లు తన చేలో పక్కలు మార్చి కట్టాడు. బోరకి గిట్ట చీలిందట, దాన్ని దున్నిన మెత్తటి వైపు నడిపిద్దామనుకున్నాడట. దామ అలవాటు కొద్దీ ఎడమకి లాగింది. నాగలి రాళ్ళలో ఇరుక్కుంది. వాడు కొరడా ఝళిపించాడు. దామ ఒక్క ఊపున ముందుకు ఉరికింది. కాడికి దిగేసిన పుల్ల దాని ఎడమ భుజం ఎముక అంచు మీద గుద్దింది.

నా గింజలు, నా ఇంజెరా రొట్టె, నా ఏడాది మొత్తం ఆ భుజం మీదే ఉంది. రాశావా? ఆ ముక్క మళ్ళీ రాయి.

గిన్బోత్, మరియం రోజు

దామ అడుగు వేస్తే ఎడమ భుజం బయటికి జారుతోంది. గెద్లు వచ్చి నిమిరి చూశాడు. "బెణికిందవ్వా, సర్దుకుంటుంది" అన్నాడు. "నీ నాలుక బెణకాలిరా" అన్నాను. తల వంచుకుని పోయాడు. వాడు ఎదురు తిరిగి ఉంటే బాగుండేది.

గిన్బోత్, మెధానె ఆలెం రోజు

పశువుల డాక్టరమ్మ సబ్లె మోటారు సైకిలు మీద వచ్చింది. చిన్న పిల్లే గాని చెయ్యి గట్టిది. అప్పటికే దామ భుజం మీద కండ లోపలికి దిగిపోయి, ఎముక గట్టులా బయటికి పొడుచుకొచ్చింది. ఆరేసిన తోలు కింద కర్ర పెట్టినట్టుంది.

"నరం నలిగిందవ్వా" అంది.

"రక్తం చుక్కైనా కారలేదే!"

"రక్తం పారే నరం కాదు. మాట పారే నరం. 'నడువు' అని తల చెప్పిన మాట దీంట్లోంచే కండకి వస్తుంది. ఇదిగో, ఈ ఎముక అంచు మీద మలుపు తిరుగుతుంది. పుల్ల ఇక్కడే పడింది, మాట ఇక్కడే ఆగిపోయింది. మాట అందకపోతే కండ కరిగిపోతుంది."

"అయితే ఇంక కోసుకు తినడమేనా?"

"అంత ఆకలేస్తోందా నీకు? ఆగు. నలిగిన చోట నరం మళ్ళీ చిగురేస్తుంది. కింద చచ్చిపోయిన నరం తాలూకు గొట్టం ఖాళీగా ఉంటుంది. అందులో పాక్కుంటూ పోతుంది. రోజుకి ఎంతనుకున్నావు? ఒక టెఫ్ గింజంత."

నాకు నవ్వొచ్చింది. ఇంజెరాకి మేం పండించే టెఫ్ గింజ గోటి సందులో పడితే కనబడదు. అంతంత పాకుతూ అది ఎప్పటికి చేరేను?

"అది వచ్చేదాకా కండ ఏం చేస్తుంది?"

"ఎదురుచూస్తుంది. పాత నరం ఎక్కడ ముడిపడి ఉండేదో ఆ చోటు గుర్తు పెట్టుకునే ఉంటుంది. కొత్త చిగురు వెతుక్కుంటూ అక్కడికే వచ్చి ముడిపడుతుంది. మరీ ఆలస్యమైతే మాత్రం కండ గట్టిపడిపోతుంది, ఆ చోటు మరిచిపోతుంది. అప్పుడు నరం వచ్చి తలుపు కొట్టినా తీసేవాళ్ళుండరు."

మలుపు నుంచి కండ దాకా నా చేత్తోనే కొలిపించింది. నాలుగు వేళ్ళు. కాడి కట్టొద్దంది. రోజూ మెల్లగా నడిపించి, భుజం రుద్దమంది.

గిన్బోత్, ఆఖరు రోజు

ఈ పొద్దుట కొమ్ము గ్లాసులో ఒక టెఫ్ గింజ వేశాను. రేపు ఇంకొకటి. లెక్క కోసం కాదు, నరానికి తోడుగా. ఇతాయిష్ నవ్వింది. నవ్విందని కూడా రాయమన్నాను.

సెనె నెల, సెలాసె రోజు

గుడి గోడ పక్కన పెద్దలు కూర్చున్నారు. నడిమధ్య చెకోల్, పళ్ళు లేని నోరు, ఊరందరి తగువులూ నమిలే నోరు.

"నీకేం కావాలో చెప్పు తాంగుత్."

"బోర కావాలి."

"వాడి ఎద్దు నువ్వు తోలుకుపోతే వాడేం పెట్టి దున్నుకుంటాడు?"

"నా ఎద్దు భుజం తీసుకున్నప్పుడు వాడు నన్నడిగాడా?"

గెద్లు లేచాడు. "తప్పు నాదే. కాదన్లేదు పెద్దయ్యా. దామకి నయమయ్యేదాకా మా బావ ఎద్దుని అరువు తెస్తా. బోరతో కట్టి ముందు అవ్వ చేనే దున్నుతా, తర్వాతే నాది. అంతకన్నా నా దగ్గరేం లేదు."

అందరూ బుర్రలూపారు. ఎంత మంచివాడో అనుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మంచితనం వాడికి, కుంటి ఎద్దు నాకు.

తీర్పు చెప్పారు. అరువెద్దుతో నా చేను ముందు దున్నాలి. రాయి మోసుకొచ్చి నన్ను క్షమాపణ అడగాలి. నేను వదిలేశానని మాట అనాలి. మాట అనకపోతే రేపటి నుంచి ఊళ్ళో ఎవరూ నా ఇంట నిప్పు కూడా అడగరు.

మా దగ్గర రాయి మొయ్యడమంటే ఏముంది? పిడికెడు రాయి మెడ మీద పెట్టుకుని వస్తారు. గడప దాటకముందే ఎవరో ఒకరు దించేస్తారు. ఆ మాట అనేస్తారు. అందరూ ఏడుస్తారు, తాగుతారు.

"సరే" అన్నాను. "రాయి మాత్రం నేను చూపిస్తాను."

చెకోల్ పగలబడి నవ్వాడు. "కొండ చూపించకే తల్లీ!"

సెనె, మిఖాయేల్ రోజు

ఇవాళ్టిది వివరంగా రాయి. ఇది నాకు ఎన్నిసార్లైనా వినాలని ఉంటుంది.

మా అత్త వాడిన సన్నికల్లు పెరట్లో ఉంది. ఒక మూల విరిగింది గాని బరువు తగ్గలేదు. గెద్లు దాన్ని చూసి నా మొహం చూశాడు. "ఇదా అవ్వా?" "ఇదే." మెడ మీద పెట్టుకోబోయాడు. "అక్కడ కాదు. ఎడమ భుజం మీద. విరిగిన అంచు ఇక్కడ ఆనాలి" అని వేలు పెట్టి చూపించాను. దామకి పుల్ల పడిన చోటే. జారకుండా తాడుతో నేనే బిగించాను.

పెద్దలు లోపల కూర్చున్నారు. పచ్చగడ్డి పరిచాను, సాంబ్రాణి వేశాను, కాఫీకి దిగాను. పండగ పూట ఇంటికొచ్చిన పెద్దలకి కాఫీ ఇవ్వకుండా పంపుతానా? వాడు గుమ్మం బయట జల్లులో వంగి నిలబడ్డాడు.

పచ్చి గింజలు కడిగాను. మళ్ళీ కడిగాను. పెంకు మీద వేయించాను, ఒక్కొక్క గింజ మొహం చూసి. దంచాను. చెకోల్ కాసేపు మెలికలు తిరిగాడు.

"తాంగుత్, ఆ మాటేదో అనేసి..."

"మొదటి కప్పు మీదే పంచాయితీ పెడతావా? మీ అమ్మ ఇదేనా నేర్పింది?"

మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. మూడో కప్పు దీవెన కప్పు. అది తాగకుండా లేవకూడదు, అది తాగకుండా పనిమాట ఎత్తకూడదు. వాళ్ళ మర్యాదే వాళ్ళని కట్టేసింది, నేను కట్టలేదు.

మొదటి కప్పు అయింది. పేలాలు పెట్టాను. బయట నుంచి గెద్లు అన్నాడు, "అవ్వా, చెయ్యి తిమ్మిరెక్కుతోంది."

"దామ కూడా అనే ఉంటుందిరా. దానికి నోరు లేదు."

చెకోల్ పక్కనున్నాయన దగ్గాడు. చెకోల్ పేలాలు తిన్నాడు, పళ్ళు లేకపోయినా.

రెండో కప్పు అయింది. కుండలో నీళ్ళు అయిపోయాయి. ఇతాయిష్‌ని ఊట దగ్గరికి పంపాను. అది వచ్చేసరికి జల్లు వానైంది. గెద్లు తడిసి ముద్దయ్యాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి గాని రాయి దించలేదు. దించితే తీర్పు తప్పినట్టే కదా.

మూడో కప్పు చెకోల్ ఒక్క గుక్కలో మింగాడు, నాలుక కాల్చుకున్నాడు. అప్పుడు నేను లేచి గుమ్మంలోకి వెళ్ళి అన్నాను, "దేవుడి కోసం వదిలేశాను."

ఇద్దరు పట్టి రాయి దించారు. వాడు భుజం మీంచి జారిన దుప్పటి ఎగదోసుకోబోయాడు. చెయ్యి రాలేదు. చెకోల్ నవ్వాడు, "నీ చెయ్యి నిద్రపోయిందిరా గెద్లూ, ఇంటికి తీసుకెళ్ళి బిర్కె చేత లేపించుకో." బిర్కె వాడి పెళ్ళాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఈ రాత్రి హాయిగా పడుకుంటాను.

సెనె, గాబ్రియేల్ రోజు

గెద్లు నా చేను దున్నడానికి రాలేదు. నాటకాలు.

సెనె, మరియం రోజు

బిర్కె వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన చెయ్యి లేవట్లేదు."

"రుద్దు."

"రుద్దుతూనే ఉన్నా. నాగలి పిడి పట్టుకుంటే వేళ్ళు మూసుకుంటున్నాయి గాని మోచెయ్యి పైకి రాదు. నాగలి ఎత్తి మలుపు తిప్పలేడు. కొరడా కుడి చేతిది, పిడి ఎడమ చేతిది. నీకు తెలియదా?"

"మూడు కప్పులు తాగేంతసేపు నిలబడ్డాడు. మొగాడు కాడా?"

"మూడు కప్పులా! ఊట దగ్గరికి కూతుర్ని పంపి, కాసేపు అక్కడే కూర్చుని రమ్మన్నావంట గదా! మనిషివేనా నువ్వు?"

నేను ఇతాయిష్ వైపు చూశాను. అది గోడ వైపు చూసింది.

ఈ ఊట మాట కొట్టెయ్యి. కొట్టేశానంది. చూపించమన్నాను. చూపించింది. నాకేం తెలుస్తుంది, అన్నీ గీతలే.

ఇంకోటి రాయి. రాయి చిన్నదే. విరిగిపోయింది, సగమే ఉంది. కాఫీ కూడా ఆ రోజు గబగబా అయిపోయింది.

"అమ్మా, ముందు వేరేలా రాయించావు" అంటోంది. అయితే రెండూ ఉండనీ.

హమ్లె నెల, అబ్బో రోజు

వాన.

హమ్లె, సెలాసె రోజు

వాన. గెద్లు బావ తన ఎద్దుని ఇంటికి తోలుకుపోయాడు. పిడి పట్టేవాడు లేనప్పుడు ఎద్దెందుకని. నా చేనూ గెద్లు చేనూ పక్కపక్కనే బురదై పడి ఉన్నాయి. ఊళ్ళో మిగతావాళ్ళు టెఫ్ చల్లడానికి ఆఖరు దుక్కి దున్నుతున్నారు. ఒక్కొక్కరి గుమ్మానికీ వెళ్ళి అడిగాను. చేతులు ఖాళీ లేవన్నారు. ఒకావిడైతే, "నీ చేను దున్నిన చేతికి ఏమవుతుందో చూశాం కదవ్వా" అంది, మొహం మీదే.

చెకోల్ కొడుకుని సగం పంటకి రమ్మని అడిగాను. రానన్నాడు. సగం పంటకి కూడా!

హమ్లె, గాబ్రియేల్ రోజు

డాక్టరమ్మ సబ్లె దామని చూడ్డానికి వచ్చింది. భుజం అలాగే ఉంది. ఇంకా టైముందంది. వెళ్తుంటే బిర్కె దారికి అడ్డంపడి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

గెద్లు చొక్కా విప్పి కూర్చున్నాడు. ఎడమ భుజం చూశాను. దామ భుజం మనిషికి అతికించినట్టుంది. ఎముక, గుంట.

"నేను పశువుల డాక్టర్ని" అంది సబ్లె, "జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి." బిర్కె వదల్లేదు. "మనిషి పశువు కాదా, చూడమ్మా" అంది. సబ్లె మెడ నుంచి భుజం దాకా వేలితో గీత గీసింది.

"అదే సంగతి. ఇక్కడ భుజం మీద బరువు ఎంతసేపుంది?"

బిర్కె నా వైపు చూసింది. గెద్లే అన్నాడు, "కాఫీ అయ్యేదాకా."

"తిరిగొస్తుందా?" బిర్కె అడిగింది.

"ఎద్దుది ఎముక అంచున నలిగింది. దాని దారి అవ్వ నాలుగు వేళ్ళు. ఈయనకి మెడ మొదట్లోనే నలిగినట్టుంది, అక్కడి నుంచి చేతిలోకి దారి పొడుగు. నరం నడక మాత్రం ఎద్దుకైనా మనిషికైనా ఒకటే. రోజుకో గింజ. అది చేరేలోపు కండ మరిచిపోతుందో లేదో నేను చెప్పలేను."

నా వైపు చూడలేదు ఆ పిల్ల. చూస్తే నేను చెప్పేదాన్ని, నా ఎద్దు సంగతేమిటని.

హమ్లె నెలాఖరు

టెఫ్ చల్లే రోజులు అయిపోయాయి. నా చేను దున్నలేదు.

తప్పెవరిది? పక్కలు మార్చి కట్టిందెవరు? మొదటి రోజుది చదివి వినిపించు. మళ్ళీ చదువు. కోపం రావడం లేదు. నువ్వు సరిగ్గా చదవడం లేదు.

నెహసె నెల, గియోర్గిస్ రోజు

కదిలింది!

పొద్దున దామ భుజం రుద్దుతున్నాను. ఈగ వాలింది. నా అరచేతి కింద కండ ఒక్కసారి జలదరించింది. చర్మం కాదు, లోపలి కండ. మళ్ళీ ఈగ కోసం చూశాను. రావే ముండా అని బతిమాలాను. వచ్చింది. మళ్ళీ జలదరింపు. దాని మెడ పట్టుకుని ఏడ్చాను. మాట అందింది దానికి.

ఈ సంగతి చెప్పడానికి నాకు ఇరుగు లేదు, పొరుగు లేదు. గోడ అవతల బిర్కె వెన్న చిలుకుతున్న చప్పుడు వినిపించింది. గోడ దగ్గర నిలబడి గట్టిగా అన్నాను, "దామకి కండ కదిలిందే!"

చిలికే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

మెస్కెరెం నెల, మెస్కెల్ శిలువ పండగ

కొత్త సంవత్సరం వచ్చి రెండు వారాలు దాటింది. ఊరి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. మా రెండు చేలు మాత్రం పసుపు పూలతో పండగ చేసుకుంటున్నాయి. పూలు తింటామా?

చెకోల్ వచ్చాడు. కాఫీ పెట్టనా అన్నాను. "నీ ఇంట కాఫీ నేనింక తాగను" అన్నాడు. నాలుక కాలినప్పటి నుంచి వాడికి నా మీద కోపం. కాదు, అది కాదు. తెలుసు.

"ఊరు మాట్లాడుకుంది. ఈసారి రాయి నీది."

"నేనా? వాడి దగ్గరికా?"

"నువ్వే. వాడి దగ్గరికే."

"ఏ రాయి?"

"నీ ఇష్టం. అప్పుడూ నీ ఇష్టమే కదా."

తిఖింత్ నెల, అబ్బో రోజు

దామ భుజం నిండింది. ఎముక కనబడటం లేదు. ఉత్త కాడి వేసి పెరట్లో తిప్పాను. ఎడమ పక్కన. రాజులా నడిచింది. దాని పక్కన కుడి వైపు ఖాళీ కాడి నేల మీద ఈడ్చుకుపోయింది.

తిఖింత్, మిఖాయేల్ రోజు

పిడికెడు రాయి పట్టుకెళ్ళమని ఇతాయిష్ అంది. నేను సన్నికల్లు తియ్యమన్నాను. వాడు ఎంతసేపు నిలబెడితే అంతసేపు నిలబడదామనుకున్నాను. మూడు కప్పులు కాదు, ముప్పై కప్పులు కాచుకోనీ. నేను తాంగుత్‌ని. నేను వాడిలా వణకను. వాడి గుమ్మంలో కూలిపోతే ఇంకా మంచిది, అప్పుడు ఊరు మాట్లాడుకోవలసింది వాడి గురించి.

నా మెడ మీదికి అది ఎత్తడానికి ఇతాయిష్‌కీ చెకోల్‌కీ కిందా మీదా అయింది. నడుం విరిగినట్టైంది. నా గుమ్మం నుంచి వాడి గుమ్మం ఎంత? పిల్లి గెంతేంత. మధ్యలో ఆగాను. మళ్ళీ నడిచాను.

గెద్లు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఎవరో ఇచ్చిన పసిపిల్లని పెట్టుకున్నట్టు. నేను గడప దగ్గరికైనా రాలేదు, వాడు అన్నాడు:

"దేవుడి కోసం వదిలేశాను. దించెయ్యి అవ్వా."

నేను దించలేదు. "నిలబెట్టు" అన్నాను. "నీ ఇష్టం వచ్చినంతసేపు నిలబెట్టరా."

"ఎందుకవ్వా? చెప్పేశాను గదా."

"కాఫీ పెట్టు బిర్కే!" అరిచాను. "పెద్దలొచ్చారు. కాఫీ పెట్టు!"

బిర్కె లోపల నుంచి అంది, "మా ఇంట్లో గింజల్లేవు." వేయించిన కాఫీ వాసన ఇంట్లో గుప్పుమంటూనే ఉంది.

గెద్లు లేచాడు. రాయి దించడానికి కుడి చెయ్యి వేశాడు. ఒంటిచేత్తో కాలేదు. ఎడమ చెయ్యి వేలాడుతూ నా చెంపకి తగిలింది. బరువు లేదు దానికి. ఎండుటాకు తగిలినట్టుంది. చెకోల్ పట్టుకుంటే రాయి గుమ్మంలో దిగింది.

"నిజంగా వదిలేశావా?" అని అడిగాను.

"నేను వదిలేశానవ్వా" అన్నాడు. మళ్ళీ కూర్చుని, ఎడమ చెయ్యి కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "దీనికే నా మాట అందలేదు."

చెకోల్ ఇంటికి పోయాడు. ఇతాయిష్ పోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను నా ఇంటికి వచ్చేశాను.

తిఖింత్, మరియం రోజు

సన్నికల్లు వాళ్ళ గుమ్మంలోనే ఉంది. బిర్కె దాన్ని దాటుకుని నీళ్ళకి వెళ్తోంది, దాటుకుని వస్తోంది. తెచ్చుకుందామంటే నా వల్ల కాదు. ఎత్తగలిగిన మనిషి ఒకడే ఉండేవాడు ఈ పక్క.

దామ పెరట్లో ఎడమ పక్కకి ఒరిగి నిలబడి, కాడి కోసం చూస్తోంది.

పొద్దున కొమ్ము గ్లాసులో గింజ వేస్తుంటే ఇతాయిష్ చూసింది. "దామకి నయమైపోయింది గదమ్మా. ఇంకా ఎవరికి వేస్తున్నావు?" అని అడిగింది.

నోరు మూసుకుని రాయి.